రేవుబండ అత్త

మొన్న కోస్గి అంగడిలో ఒక నడివయసు ఆడమనిషి కందులు బేరం చేస్తూ, ఉన్నట్టుండి మాట ఆపి, సంచి పక్కన మోకాళ్ల మీద కూర్చుని దానికి చెవి ఆనించింది. దుకాణదారు పకపకా నవ్వాడు.

"ఏందక్కా, సంచి ఏమన్న ముచ్చట చెప్తాందా?"

"చెప్తాంది. లోపట పురుగున్నదని చెప్తాంది," అని ఆమె చీర దులుపుకుని లేచి పక్క దుకాణానికి పోయింది.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. కూరగాయల సంచి పట్టుకుని ఉన్నచోటే నిలబడిపోయాను. అలా సంచికి చెవి పెట్టిన మనిషిని చూసి ఎన్నేళ్లయిందో! వెంటపడి "నీకిది ఎవరు నేర్పిన్రు బిడ్డా?" అని అడుగుదామనుకున్నాను గానీ, ఈ మోకాళ్లతో అంగడి జనంలో ఎవరిని పట్టుకోగలను? ఇంటికొచ్చి, మంచినీళ్లు తాగి, అరుగు మీద కూలబడ్డాను. ఇక ఆ పొద్దంతా అత్తే కళ్లముందు మెదిలింది. ఇంటి అత్త కాదు, రేవత్త.

నన్ను ఇచ్చింది కృష్ణ నడుమ గడ్డ మీద ఉన్న ఊరికి. నది అక్కడ రెండు పాయలై, కొంత దూరం పోయి మళ్లీ కలుస్తుంది. నడుమ మిగిలిన నేల మీద ఆ ఊరు, జొన్నచేలు, గొర్రెల మందలు. పోవాలన్నా రావాలన్నా పుట్టి ఒక్కటే దారి. వెదురుతో అల్లి తోలు కప్పిన, పెద్ద గంపలాంటి ఆ గుండ్రటి పడవలో మనుషులూ మేకలూ మూటలూ అన్నీ కలిసే ప్రయాణం. జూన్‌లో మిర్గం కార్తె దాటి ఎగువన వానలు పడితే నది పొంగేది. పుట్టిని ఒడ్డుకు లాగి బోర్లించేసేవారు. ఇక బతుకమ్మ ముందు వచ్చే పెత్తరామాస దాకా బయటి ఊళ్లతో మాటా మంచీ ఉండేది కాదు. అన్నాళ్లూ ఎవరింటి గుమ్మిలో ఉన్న జొన్నలే వాళ్లకు తిండి. వరద తీశాక విత్తుకోవడానికి కూడా అవే. పేడతో అలికిన ఆ వెదురు గుమ్ముల్లో పురుగు పడితే ఊరు బతకదు.

రేవులో పుట్టి ఆగేచోట ఒక వెడల్పాటి నల్లబండ ఉండేది. దాని మీద రేవత్త ఉండేది. ఆమె పుట్టి నడిపే బెస్తాయన భార్య. పొడుగు మనిషి, చేతులకు వెండి కడియాలు, గోచి పెట్టి కట్టిన చీర, ఒక చేతిలో చింతబరిగె, పక్కన చాట. పేరు నేనెప్పుడూ అడగలేదు. ఊళ్లో ముసలివాళ్లు కూడా ఆమెను అత్తా అనే పిలిచేవారు. అవతలి నుంచి వచ్చిన ఏ మూటైనా ఆ బండ మీద విప్పి, దులిపి, ఎండ చూపించాకే ఊళ్లోకి పోవాలి. ఆ కాపలా పని ఆమెకు ఎవరూ అప్పజెప్పలేదు. వద్దనే ధైర్యం కూడా ఎవరికీ లేదు.

మనిషి మొహం చూసేది కాదు. ముందు మూటనే పలకరించేది.

పెళ్లయి నేను తొలిసారి వెళ్లినప్పుడు పుట్టి బండకు ఆనుకుంది. మా ఆయన దూకి చెయ్యి అందించాడు. నేను సిగ్గుతో తలొంచుకుని కాలు ఎత్తానో లేదో, పైనుంచి ఒక గొంతు వచ్చింది.

"దిగకు బిడ్డా. ముందు మూటలు."

పుట్టాయన తెడ్డును అడ్డంగా పెట్టి ఎటో చూస్తూ కూర్చున్నాడు. ఆయనకది రోజూ ఉండేదే. నా సందూక తీసి చీరలు ఒక్కొక్కటే విదిలించింది. మా అమ్మ చేత్తో కుట్టిన బొంతను బండ మీద పరిచి, చింతబరిగెతో ఇటూ అటూ బాదింది. దాని మడతల్లోంచి ఒక ఆముదపు గింజ జారిపడింది. దాన్ని ఎండకు పట్టి చూసి, వాసన చూసి, నా అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది.

"గిది నీది. జాగర్త," అంది.

ఊరు ఊరంతా చూస్తుండగా నా చీరలు బండ మీద పడున్నాయి. నాకు తల కొట్టేసినట్టయింది. ఇక మిగిలింది ఒడిబియ్యం. అత్తగారింటికి పోయే బిడ్డకు పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు ఒళ్లో పోసి తల్లిగారు ముడి వేస్తారు. ఆ ముడిని అత్తగారింట్లో దేవుని ముందే విప్పాలి. దారిలో విప్పకూడదు, నేల మీద పెట్టకూడదు. ఒలికిందంటే ఆ పిల్ల కాపురానికే మంచిది కాదంటారు. రేవత్త అంతటిది కూడా ఆ ముడి జోలికి పోదు. నా ముందు మోకాళ్ల మీద కూర్చుని, కళ్లు మూసుకుని, ఒళ్లో ఉన్న బియ్యానికి చెవి ఆనించింది.

పుట్టిలోంచి ఎవరో కొంటెగా అరిచారు. "ఏందత్తా, పెండ్లి పారాణి ఇంక ఆరనే లేదు, అప్పుడే మనుమని సప్పుడు వింటున్నవా?"

రేవంతా ఒకటే నవ్వు. ఆమె మాత్రం నవ్వకుండా, వినాల్సిందంతా విన్నాక లేచి, నా గడ్డం పట్టుకుంది. "మంచిగున్నది. పో బిడ్డా, సల్లగుండు."

ఇంటికి పోగానే ఏడుపు తన్నుకొచ్చింది. మా అత్తమ్మ నా కళ్లు తుడిచి నవ్వింది. "ఏడ్వకు. మీ మామ జాతరకు పోయొస్తె ఆయన దోతిని గూడ బండ మీద బాదింది. ఆమెకు మనమంత ఒకటే," అంది. ఆ తర్వాత అసలు సంగతి చెప్పింది. వెనకట ఎవరో అవతలి ఊరి జొన్నలు తెచ్చుకున్నారట. వాటితో పాటు ముక్కపురుగు గడ్డ మీదికి వచ్చింది. వరద దిగేలోపు గుమ్ముల్లో గింజ మిగల్లేదు, అంతా పిండే. జనం చింతగింజలు ఉడకబెట్టుకుని తిన్నారు. అప్పుడు రేవత్త పచ్చి బాలింత. రొమ్ములో పాలు ఎండిపోయి పసిగుడ్డు దక్కలేదు. ఆ బిడ్డ మాట ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. ఎవరైనా దులిపినందుకు నసిగితే ఒకటే అనేది.

"నాకు చింతగింజల రుచి ఎర్కే."

ఆ మాటకు ఎంతటివాళ్లయినా మూట విప్పేవారు.

పోను పోను ఆమె నాకు అలవాటైంది. అలవాటయ్యాక, పని లేకపోయినా రేవుకు పోయి కూర్చునేదాన్ని. అక్కడ ఉన్నంత తమాషా ఊళ్లో ఎక్కడా ఉండేది కాదు. ఒకసారి మా వీధిలో ఒకరింటికి కొత్తల్లుడు నల్లకోటు వేసుకుని దిగాడు. ఆ ఎండల్లో ఆ కోటు ఎందుకో ఆయనకే తెలియాలి. అత్త కోటు విప్పమంది. అల్లుడు బిగుసుకుపోయాడు. తిరిగి పోతానన్నాడు. మామగారు చేతులు నలుపుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"పోతె పో నాయినా. కోటు ఇడిసి పోతవా, ఏసుకోని పోతవా? ఏసుకోని పోతె గీ ఎండకు ఉడికిపోతవ్. గిటు తే, దులిపి ఇస్త, సల్లగ మజ్జిగ తాగి పోదువు," అంది.

అల్లుడు కోటు విప్పాడు. లోపల చొక్కా వీపంతా చిరిగి ఉంది. అది చూసి అత్త చటుక్కున కోటు తిప్పి ఆయన భుజాల మీదే కప్పి, పైపైనే దులిపి పంపించేసింది. ఎందుకలా వదిలేసిందో ఆ మామగారికి చివరిదాకా తెలియలేదు. పక్కనే ఉన్నాను కాబట్టి నేను చూశాను.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మామూలుగా ఆమె నోరు అంత మెత్తన కాదు. పట్వారి చుట్టం ఒకాయన పరుపు తెస్తే, అవతలి ఒడ్డుకు కూడా వినబడేలా, "నీ పరుపుల నల్లులున్నయ్! ఎండకెయ్యి!" అని అరిచింది. కొత్త పొట్టేలును కొనుక్కొచ్చిన గొల్లాయనకు పుట్టిలో జాగా ఇవ్వనివ్వలేదు. దాన్ని ఈదించి, పొగాకు నీళ్లతో ఒళ్లంతా రుద్ది, చెవుల వెనక గోమార్లు ఏరి, అప్పుడు మందలో కలపనిచ్చింది. తను పుట్టింటికి పోయొచ్చినా అంతే. తన మూట తనే బండ మీద పరిచి, "ఏం తెచ్చినవే ముసల్దానా, ఏం దాచినవ్?" అని తనను తనే తిట్టుకుంటూ బాదుకునేది. మేం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లం.

ఆమె చలవే, మా గడ్డ మీద నల్లి ఉండేది కాదు. గుమ్మి మూత తీస్తే జొన్న ముత్యంలా ఉండేది.

నా కొడుకు పుట్టిన ఏడు మా తల్లిగారి దిక్కు కాలం కాలేదు. వానల్లేవు, చెలకలన్నీ బీళ్లయ్యాయి. మిర్గం దగ్గర పడుతోంది, నది రాకముందే బిడ్డను తీసుకుని గడ్డ చేరాలి. బిడ్డతో పోయేదానికి ఒడిబియ్యం పోయకపోతే ఎట్లా? ఇంట్లో జొన్నలే లేవు, ఇక బియ్యం ఎక్కడివి? అమ్మ రేషను ఇచ్చే కంట్రోలు దుకాణం ముందు పొద్దంతా నిలబడి బియ్యం తెచ్చింది. బాగా పసుపు కలిపి, కుడుకలు పెట్టి, ఒళ్లో పోసి ముడి వేసింది. వేసేటప్పుడు అమ్మ నా కళ్లలోకి చూడలేదు. పేదరికానికి సిగ్గుపడుతోందనుకున్నాను.

బండి దిగి పుట్టి ఎక్కాం. నీళ్లప్పటికే ఎరుపు తిరుగుతున్నాయి. రేవులో చాలామందే ఉన్నారు. బిడ్డను చూడాలని మా అత్తమ్మ కూడా బండ దగ్గరికే వచ్చింది. రేవత్త నా సామాను దులిపింది. బిడ్డ బొంతలు దులిపింది. ఆ తర్వాత ఎప్పటిలాగే మోకాళ్ల మీద కూర్చుని ఒడికి చెవి ఆనించింది.

ఈసారి తొందరగా లేవలేదు. కళ్లు తెరిచి, కిందినుంచే నా మొహంలోకి చూసింది. నాకొక్కదానికే వినబడేలా అంది.

"బిడ్డా, లోపట సప్పుడైతాంది."

ఆ నోటితో ఇప్పుడు ఒక్క కేక వేస్తే చాలు, మా అమ్మ బతుకు అయిపోయినట్టే. కన్నబిడ్డ ఒళ్లో పురుగుబియ్యం పోసిన తల్లి అంటారు. తరాలు పోయినా చెప్పుకుంటారు. పోనీ ముడి విప్పకుండా ఇంటికి పోతే, ఆ బియ్యం దేవుని అర్రలో పెడతారు. దాని పక్కనే గుమ్ములు. అవతల నది పొంగుతోంది. నా చంకలో పాలు తాగే బిడ్డ. ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాను, అంతే.

అత్త లేచింది. నడుముకు చేతులు పెట్టుకుని, పట్వారి చుట్టాన్ని తిట్టిన గొంతుతోనే మొదలుపెట్టింది. నేను కళ్లు మూసుకున్నాను.

"అందరు వినుండ్రి! గీ ఏడు నీళ్లు ఒడ్డు దాటొద్దని నేను గంగమ్మకు మొక్కిన. మొదాలు ఏ బిడ్డ ఒడిబియ్యం రేవుకొస్తదో, గవి గీ బండ మీదనే వండి, గంగతల్లికి పెట్టి, ఊరందరికి పెడతనని మొక్కిన. గీ పిల్లే వచ్చింది. గంగమ్మ పిలిస్తె వచ్చింది!"

అప్పటికప్పుడు పుట్టిన మొక్కు అది. పుట్టాయన ఒక్కసారి తలెత్తి భార్యను చూసి, మళ్లీ తెడ్డు వైపు చూసుకున్నాడు.

మా అత్తమ్మ ఊరుకోలేదు. "గిదేం చోద్యం అత్తా! ఒడిబియ్యం ఇంట్ల దేవుని ముంగట ఇప్పాలె గాని, బయట వండుతరా?"

"ఇంట్ల దేవుడేనా దేవుడు, గంగమ్మ కాదా? ఇల్లే గీడికి తెచ్చుకుందం. నీ పొయ్యి నిప్పు తే, నీ గంగాళం తే, నీ చేతుల మీదనే కానియ్యి. నీళ్లు గడపకొస్తె అప్పుడు నన్ననొద్దు."

ఎర్రగా తిరిగే నది ముందు నిలబడి గంగమ్మకు ఎదురు చెప్పేదెవరు? మా అత్తమ్మ నిప్పు కోసం ఇంటికి మళ్లింది.

ఆ కొంత సేపట్లోనే అత్త తన పని కానిచ్చింది. జనానికి వీపు పెట్టి, నదికేసి నన్ను కూర్చోబెట్టింది. తన ఇంటి పెద్ద కంచుగిన్నె నా ఒడి కింద పెట్టి ముడి విప్పింది. నేల మీద ఒక్క గింజ పడలేదు. పసుపు బియ్యంలో నల్లగా కదులుతున్నవి చూసి నా కళ్ల నీళ్లు ఆగలేదు. "ఏడ్వకు, బిడ్డ బెదురుతడు," అని గొణుగుతూనే నీళ్లు పోసి, తేలినవి తేలినట్టు వంచింది. ఆ కడుగునీళ్లు నదిలో పొయ్యలేదు. బండ వెనక గుంతలో పోసి, పైన నిప్పులు పరిచింది.

"కింది ఊర్లళ్ల గూడ మనుషులే ఉన్నరు గద," అంది.

నా కొంగును మరిగే నీళ్లలో ముంచి తీసింది. కుడుకలు కాల్చింది. మా అత్తమ్మ వచ్చేసరికి గంగాళంలో వేయడానికి కడిగిన బియ్యం సిద్ధంగా ఉన్నాయి. బెల్లం, కుడుక ముక్కలు వేసి పరమాన్నం వండారు. మొదటి ముద్ద మోదుగాకులో పెట్టి నదిలో వదిలారు. ఆ తర్వాత ఊరంతా ఆ బండ చుట్టూ కూర్చుని తిన్నది. ఊళ్లో అందరూ నా కొడుకును ఎత్తుకుని ముద్దాడారు. పెళ్లికూతురిగా నేను ఏ బండ మీద సిగ్గుతో చచ్చానో, అదే బండ మీద ఆరోజు నన్ను మహాలక్ష్మిలా కూర్చోబెట్టారు. "ఏం అదృష్టవంతురాలివే," అని మా అత్తమ్మే నా నుదుట బొట్టు పెట్టింది.

ఆ ఏడు వరద ఎప్పటికన్నా ఎక్కువ కాలం నిలిచింది. అయినా నీళ్లు ఒడ్డు దాటలేదు, అది వేరే సంగతి. పుట్టి తిరిగి నీళ్ల మీద పడేదాకా మేం జొన్నరొట్టె తిన్నాం, నా బిడ్డకు పాలు తగ్గలేదు. గుమ్మి మూత తీసే ప్రతిసారీ ముందు చెవి ఆనించేదాన్ని. ఏ చప్పుడూ లేదు. ఆ నిశ్శబ్దం విన్నప్పుడల్లా రేవు వైపు తిరిగి మనసులోనే దండం పెట్టుకునేదాన్ని.

ఒకరోజు బండ మీద ఇద్దరమే ఉన్నప్పుడు అడిగాను. "అత్తా, ఎవ్వరినీ ఇడిసిపెట్టవు గద, నన్నెందుకు ఇడిసిపెట్టినవ్?"

"నిన్నెక్కడ ఇడిసిపెట్టిన? నీ పురుగును సంపినంక గదనే పోనిచ్చిన," అంది ముందు. చాట అందుకుని దుమ్ము దులుపుతూ మళ్లీ అంది. "మూటల పురుగైతె దులిపితె పోతది. తల్లిగారి మీద మాట పడితె ఏం పెట్టి దులుపుతవ్?"

తర్వాతి ఏడు కొత్త కోడలు దిగితే, ఆ పిల్ల ఒడిబియ్యం కూడా రేవులోనే వండాలని ఊళ్లోవాళ్లే పట్టుబట్టారు. మొదటి ఏడు నీళ్లు ఒడ్డు దాటలేదాయె, మొక్కు ఆపితే గంగమ్మకు కోపం రాదూ! అలా అదొక ఆచారమైంది. అత్తకు కావలసిందీ అదే. అప్పటిదాకా ఆమె చింతబరిగెకు అందనిది ఆ ఒక్క ముడే. ఆ ఆచారం ఎలా పుట్టిందో ఆమెకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. అత్త పోయినప్పుడు నది నిండుగా ఉంది. నేను ఇవతలి ఒడ్డున చిక్కుకుపోయి కడచూపుకు నోచుకోలేదు. ఒడ్డున నిలబడి అటువైపు పొగ చూశాను. మా అత్తమ్మ లేదు, మా అమ్మా లేదు. ఇప్పుడు చెబితే నొచ్చుకునేవాళ్లెవరూ లేరు కాబట్టే చెబుతున్నాను. నా బిడ్డ బతుకూ మా అమ్మ పరువూ, రెండూ ఆమె పెట్టిన భిక్షే.

ఒక్కటి మిగిలింది.

నా కొడుకు నడక నేర్చాక అమ్మ తొలిసారి గడ్డకు వచ్చింది. నేను ఎదురుపోయి రేవులో నిలబడ్డాను. అమ్మ మూటకు కూడా మినహాయింపు లేదు. అత్త విప్పి, విదిలించి, తిరిగి కట్టి ఇచ్చింది. అమ్మ దిగలేదు. మూట గుండెకు హత్తుకుని పుట్టిలోనే నిలబడింది.

"అక్కా, నా బిడ్డ ఒడిబియ్యం గంగమ్మకు పెట్టిన్రంట. మా ఊర్ల అందరికి చెప్పుకున్న," అంది. గొంతు తగ్గించింది. "ఒక్కటి అడగాలె. కాలం కాని ఏడు, కంట్రోలు బియ్యం పోసిన. చెరిగిన, ఏరిన, గని మనసొప్పలే. ఇన్నొద్దుల సంది గదే ఫికరు. బియ్యం మంచిగనే ఉండెనా?"

అమ్మ ఆరోజు నా కళ్లలోకి ఎందుకు చూడలేదో అప్పుడర్థమైంది. నేను నదివైపు మొహం తిప్పుకున్నాను.

ఎవరి మూటలో ఏముందో అవతలి ఒడ్డుకు వినబడేలా చెప్పే మనిషి, చింతబరిగె పక్కన పెట్టి, అమ్మకు చెయ్యి అందించింది.

"మల్లెపువ్వు లెక్క ఉండె అక్కా. ఊరంత తిన్నం. ఇంక జరన్ని పోస్తె బాగుండు అనుకున్నం," అంది.

అమ్మ ఆ చెయ్యి పట్టుకుని, నవ్వుతూ కళ్లు తుడుచుకుంటూ బండ మీద అడుగు పెట్టింది. అత్త మళ్లీ బరిగె అందుకుని, అమ్మ వెనకే పుట్టి దిగబోతున్నవాడి వైపు తిరిగింది.

"ఏయ్, నువ్వు దిగకు. ముందు మూట."